మిరపచేలో వైవా

2020 మార్చి. నేను వైస్‌ఛాన్సలర్‌గా చేరి ఏడాది దాటింది. కర్నూలు, కడప జిల్లాల పిల్లలు ఎక్కువగా చదువుకునే యూనివర్సిటీ మాది. వైస్‌ఛాన్సలర్ ఉద్యోగమంటే పెద్ద కారు, పెద్ద బల్ల, సన్మానాల శాలువాలు అని బయటివాళ్ళు అనుకుంటారు. శాలువాలు నిజమే, బీరువా నిండా ఉన్నాయి. తక్కినదంతా పొద్దున్నే హాస్టల్‌కు నీళ్ళ ట్యాంకర్ రాలేదనే ఫోనుతో మొదలై, సాయంత్రం ఒక గది కోసం ఇద్దరు ప్రొఫెసర్లు పడే తగవు తీర్చడంతో ముగుస్తుంది. నేను చదివిందీ, పిల్లలకు చెప్పిందీ భూగర్భశాస్త్రం. ఉద్యోగంలో చాలా భాగం రాళ్ళతో గడిపినదాన్ని. రాళ్ళు ఎదురు చెప్పవు, సెలవు చీటీ పెట్టవు. మనుషులతో వేగాల్సిన కుర్చీలో కూర్చున్నాక నాకు కోపం ఎక్కువైందని ఇంట్లోవాళ్ళు అనేవాళ్ళు. ఆఫీసులోవాళ్ళూ అనేవాళ్ళే, కాకపోతే నా ముందు కాదు.

ఆ నెల మధ్యలో హాస్టళ్ళు ఖాళీ చేయించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. పిల్లలు పెట్టెలు, బక్కెట్లు, పరుపుచుట్టలు మోసుకుని గేటు దగ్గర బస్సుల కోసం నిలబడితే నేనూ పోయి నిలబడ్డాను. వాళ్ళకు భయం లేదు, అనుకోని సెలవులొచ్చాయన్న సంబరమే ఉంది. “ఎన్ని దినాలు మేడమ్?” అని ఒకమ్మాయి అడిగితే “పదైదు దినాలనుకో” అన్నాను. ఆ లెక్క నాకెవరు చెప్పారో నాకే తెలియదు. జాగ్రత్తగా ఇండ్లకు పోయి చేరండి, చేరినాక ఫోన్ చేయండి అని అందరికీ చెప్పి పంపించాం. పొద్దుకుంకేసరికి క్యాంపస్‌లో వాచ్‌మన్లూ కుక్కలూ మిగిలాయి.

తర్వాత దేశమంతా మూతపడింది. చదువు ఆగకూడదు, పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పండి అన్నారు. చెప్పడం సులువే. మా టీచర్లలో సగం మందికి ఫోన్ అంటే మాట్లాడటానికీ, పొద్దున్నే పూలబొమ్మలతో శుభోదయాలు పంపడానికీ పనికొచ్చే వస్తువు. మా లెక్కల ప్రొఫెసర్ ఒకాయనకు నల్లబల్ల లేకపోతే నోరు పెగలదు. ఆయన ఇంట్లో పడకగది తలుపుకు నల్లరంగు పూయించి దాని మీద సుద్దముక్కతో రాసేవాడు. ఆయన భార్య ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడేది. లెక్క మధ్యలో ఆమెకు చెయ్యి నొప్పి పుడితే పిల్లలకు సీలింగ్ ఫ్యాను కనబడేది. “వినబడతాండాదా? కనబడతాండాదా?” అని అడగటంలోనే గంటలో పావు భాగం పోయేది. ఆ నెలల్లో మా టీచర్లను తిట్టినన్ని తిట్లు నేను ముందూ తర్వాతా ఎప్పుడూ తిట్టలేదు. వాళ్ళను చూసి గర్వపడినంత కూడా ఎప్పుడూ పడలేదు. రిటైర్మెంటు ముంగిట్లో ఉన్నవాళ్ళు మనవళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఒక్కరు కూడా మావల్ల కాదు అని చేతులెత్తేయలేదు.

ఏప్రిల్‌లో వైవాల సంగతి వచ్చింది. వైవా అంటే విద్యార్థి తను చేసిన ప్రాజెక్టు గురించి నోటితో జవాబులు చెప్పే పరీక్ష. ప్రశ్నలడగటానికి వేరే యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తారు, ఆయన్ను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అంటాం. మా కెమిస్ట్రీ ఎమ్మెస్సీలో చివరి సెమిస్టర్ అంతా ప్రాజెక్టే, రాత పరీక్ష ఉండదు. వైవా ఒకటి అయిపోతే ఆ పిల్లల చదువు పూర్తయినట్టే. పిల్లల ఏడాది పోకుండా కాపాడే దారి ఇదొక్కటైనా ఉంది కదా అని వాటిని ఆన్‌లైన్‌లో జరపాలని నిర్ణయించాను.

అప్పుడు మా రిజిస్ట్రార్ సుబ్బరాయుడు గారు. ఒంటిమిట్ట దగ్గరి మనిషి. యూనివర్సిటీలో ఉత్తర్వులన్నీ రిజిస్ట్రార్ చేతి మీదుగానే పోతాయి, ఆయనకు రూలు పుస్తకం పేజీ నంబర్లతో సహా కంఠతా వచ్చు. ఆ ఏడు కోదండరాముడి కల్యాణానికి పోలేకపోయిన బాధనంతా ఆయన మా మీద, ముఖ్యంగా ఆన్‌లైన్ మీద చూపించాడు. ఆయనా, నేనూ, పరీక్షల విభాగం వాళ్ళూ కలిసి నిబంధనలు రాశాం. విద్యార్థి గదిలో ఒంటరిగా కూర్చోవాలి. తలుపు వేసి ఉండాలి. ముఖం స్పష్టంగా కనబడాలి. ఇంకొకరి గొంతు వినబడకూడదు. చదువుకుంటే చక్కగా ఉంది. సంతకం పెట్టి పంపించాం.

నాలుగైదు దినాలు అంతా సాఫీగా జరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం రిజిస్ట్రార్ గారు మాస్కు మీద మాస్కు పెట్టుకుని నా గదికి వచ్చి, దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

“మొదటి కేసు వచ్చింది మేడమ్” అన్నాడు. గొంతులో నేను ముందే చెప్పినాగా అనే ధ్వని ఉంది.

ఫిర్యాదు చేసింది ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మూర్తి గారు. కోస్తా వైపు ఒక యూనివర్సిటీలో సీనియర్ ప్రొఫెసర్. మాట మెత్తన, మార్కుల దగ్గర గట్టి అని పేరు. అభ్యర్థి పేరు ఉరుకుందమ్మ, కోడుమూరు పక్కన ఒక పల్లె. ఈ అమ్మాయి ముఖానికి గుడ్డ కట్టుకుని వైవాకు వచ్చింది, తీయమంటే తీయలేదు, వెనక నుంచి ఎవరో మాటలు అందిస్తున్నారు, అసలు జవాబులు చెప్పినది ఆ అమ్మాయేనా అని సందేహంగా ఉంది అని ఆయన రాశారు. ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకు కూర్చోవడాన్ని ఇంపర్సొనేషన్ అంటాం. మా లోకంలో దాన్ని మించిన నేరం లేదు. రుజువైతే డిబార్ చేస్తాం, అంటే కొంతకాలం ఏ పరీక్షకూ రానివ్వం. ఆ మచ్చ సర్టిఫికెట్ల వెంట చాలా దూరం నడుస్తుంది.

వైవాలన్నీ రికార్డు చేసేవాళ్ళం కాబట్టి ఇద్దరం కూర్చుని చూశాం. తెర మీద రెండు కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. తక్కిన ముఖమంతా పాత చీరముక్కతో బిగించి కట్టి ఉంది. మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని ఉంది. వెనక తెల్లటి ఎండ తప్ప ఏమీ తెలియడం లేదు. మూర్తి గారు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ గురించి అడుగుతున్నారు. అది ఆ అమ్మాయి ప్రాజెక్టు, వాళ్ళ ఊరి చుట్టుపట్ల నీళ్ళు తెచ్చి ల్యాబ్‌లో పరీక్ష చేసింది. ఆమె నోరు తెరిచేలోగా పక్క నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

“ఏమంటాండాడే ఆయప్ప? అన్నం తిన్నావా అని అడుగుతాండాడా?”

నాకు నవ్వొచ్చింది. రిజిస్ట్రార్ గారికి రాలేదు. “చూడండి, మాటలు అందిస్తాండారు” అన్నాడు.

“అన్నం సంగతి ఫ్లోరైడ్‌కు జవాబెట్లయితాది సుబ్బరాయుడు గారూ?”

“రూలులో ఇంకొకరి గొంతు వినబడకూడదు అనే ఉండాది మేడమ్. ఏం మాట్లాడినారనేది లేదు.”

అదీ నిజమే. తర్వాత మూర్తి గారు “ముఖానికున్న ఆ గుడ్డ తీయమ్మా, ఫోటోతో పోల్చుకోవాలి” అన్నారు. “వద్దు సార్” అంది ఆ అమ్మాయి. ఎందుకు వద్దని ఆయన రెండోసారి అడిగితే తల వంచుకుంది. అక్కడితో ఆయన వైవా ఆపేశారు. అంతవరకు జవాబులు మాత్రం బాగా చెప్పింది. ఆ బాగా చెప్పడమే ఆమె కొంప ముంచేలా ఉంది, ఎవరో తెలిసినవాళ్ళు చెబుతున్నారని అనుమానం బలపడింది.

“డిబార్ చేద్దాం. మొదటి కేసులో మెత్తబడితే రేపు ఇంకొకరు దుప్పటి కప్పుకుని వస్తారు” అన్నాడు రిజిస్ట్రార్. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఆన్‌లైన్ పరీక్షలంటేనే దొంగ పరీక్షలని పేపర్లవాళ్ళు రాస్తున్న రోజులవి. మా డిగ్రీకి విలువ ఉందని నమ్మించాల్సిన పూచీ నా మీదే ఉంది. అయినా అమ్మాయి మాట వినకుండా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆమె గైడ్‌ను పిలిపించమన్నాను. గైడ్ అంటే ప్రాజెక్టు పని దగ్గరుండి చేయించే టీచర్.

గైడ్ డాక్టర్ పర్వీన్. కర్నూలు పాతబస్తీ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. వచ్చి నిలబడి చేతులు నలుపుకుంటోంది.

“ఆ పిల్ల నీ ముందు ఎప్పుడైనా ముసుగేసుకుందా?” అని అడిగాను.

“లేదు మేడమ్. ఆ పిల్ల ఇప్పుడు ఊర్లో లేదు. గుంటూరు జిల్లాలో ఉండాది. మిరపచేలో.”

“మిరపచేలో ఏం పని?”

“కాయలు కోస్తాంది మేడమ్. వాళ్ళోళ్ళు సుగ్గికి పోయినారు.”

తెలియనివాళ్ళకు ఈ సుగ్గి సంగతి చెప్పాలి. కర్నూలుకు పడమటి పల్లెల్లో వానపంట అయిపోతే చేయడానికి పని ఉండదు. జనవరి దాటాక కూలీలను కుదిర్చే మేస్త్రీలు లారీలు తెస్తారు. ఇంటిల్లిపాదీ చట్లు, బియ్యం, దుప్పట్లు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. చేలగట్ల మీద ప్లాస్టిక్ పట్టాలతో గుడారాలు వేసుకుని ఎండాకాలం దాకా అక్కడే ఉంటారు. మార్చి నెలలో ఆ పల్లెలకు పోతే లేవలేని ముసలివాళ్ళూ, తాళాలేసిన తలుపులూ కనబడతాయి. నేను పుట్టింది వేంపల్లె. మా వైపు కరువు లేదని కాదు, కానీ ఊరికి ఊరు లేచిపోవడం మేము చూడలేదు. సుగ్గి అనే మాట నేను విన్నదే. ఇండ్లకు పొండి అని గేటు దగ్గర నిలబడి పంపించినప్పుడు మాత్రం ఆ మాట నాకే కాదు, మాలో ఎవ్వరికీ తట్టలేదు.

“ఈ ముక్క ముందే చెప్పడానికేం రోగం?” అని పర్వీన్ మీద విరుచుకుపడ్డాను.

“చెప్పద్దని ఒట్టేయించుకుంది మేడమ్. సుగ్గికొచ్చినానంటే తోటి పిల్లోళ్ళకు లోకువైపోతానంటాది.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఈ వైవా ఆ పిల్లకు శానా ముఖ్యం మేడమ్. హైదరాబాద్‌లో పరిశోధన సంస్థలో ప్రాజెక్టు ఉద్యోగానికి సెలెక్ట్ అయింది. మే నెల లోపల చదువు పూర్తయిందని మనం రాసియ్యాల. లేకపోతే ఆ పోస్టు వెనకున్న వాళ్ళకు పోతాది. అది పోతే ఆ పిల్ల ఏటేటా ఆ చేలోకే పోవల్ల.”

కేసు విచారించే కమిటీని ఆన్‌లైన్‌లోనే కూర్చోబెట్టాను. నేనూ, రిజిస్ట్రార్, పర్వీన్, అటు నుంచి మూర్తి గారు. చివరగా ఉరుకుందమ్మ తెర మీదికి వచ్చింది. ముఖానికి అదే గుడ్డ.

“ఒకసారి ఫోన్ చుట్టూ తిప్పి చూపించమ్మా” అన్నాను.

తిప్పింది. మొదట కళ్ళం కనబడింది, నేల మీద కనుచూపు మేరా ఎర్రగా పరిచిన మిరపకాయలు. పక్కన గుడారాలు. అవతల చేలో ఆడవాళ్ళు వంగి కోస్తున్నారు. అందరివీ అవే మగవాళ్ళ చొక్కాలు, అందరి ముఖాలకూ అవే గుడ్డలు. వాళ్ళలో మా విద్యార్థిని ఎవరో చూపించమంటే కన్నతల్లి కూడా తడబడేది.

అలవాటు కొద్దీ రిజిస్ట్రార్ గారు అడిగాడు. “గదిలో కూర్చోవాలని సర్క్యులర్ పంపినాం కదమ్మా, గది ఏదీ?”

“గది లేదు సార్. ఇక్కడి ఊర్లోకి పోదామంటే రానీరు, దారికి అడ్డంగా కంప కొట్టినారు. సిగ్నల్ ఈ మోటారు కొట్టం కాడ మాత్రమే వస్తాది.”

ఈసారి నేను అడిగాను. “హాస్టల్ మూసినాక ఊరికి పోలేదా?”

“పోయినా మేడమ్. ఇంటికి తాళం ఉండాది. పక్కింటి అవ్వ కాడ రెండు దినాలుంటి, ఆమెకే బియ్యం లేవు. లారీ ఒకటి ఇట్ల వస్తాంటే ఎక్కి మా అమ్మోళ్ళ దగ్గరికి వచ్చినా. మళ్ళ బండ్లు బందయిపాయ. ఊరికే కూర్చుంటే బాగుండదని నేనూ కోస్తాండా.”

మూర్తి గారు గొంతు సవరించుకున్నారు. “అంతా బాగానే ఉందమ్మా. ఆ రోజు గుడ్డ తీయమంటే ఎందుకు తీయలేదు?”

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుని గొంతు తగ్గించింది. “ఘాటుకు దగ్గొస్తాది సార్. కళ్ళంలో కాయ తిరగేస్తాంటే గుడ్డ తీసినామంటే దగ్గు ఆగదు. ఈ దినాల్లో దగ్గితే ఇంకేమన్నా ఉండాదా? ఆ పక్క చేనులో ఒకాయప్ప దగ్గినాడని రైతు వాళ్ళ గుంపునంతా రోడ్డు మీదికి తోలేసినాడు. నేను దగ్గితే మా అమ్మోళ్ళందరూ పోవల్ల సార్, యాడికి పోవల్ల? అందుకని తీయలేదు.”

అలా చెప్పి, ఇక దాచేదేముంది అన్నట్టు గుడ్డ విప్పింది. ఫోటోలో ఉన్న అమ్మాయే. చెంపలు మంటతో కందిపోయి ఉన్నాయి. విప్పిన మరుక్షణం దగ్గు తన్నుకొచ్చింది. మోచేయి అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గింది. చెబితే సిగ్గుగానే ఉంటుంది, అది కంప్యూటర్ అని, ఆమె ఎక్కడో గుంటూరులో ఉందని తెలిసి కూడా మేమంతా కుర్చీల్లో వెనక్కి జరిగాం. రిజిస్ట్రార్ గారైతే మాస్కు పైకి లాక్కున్నాడు. ఆ జరగడం తెర మీద మాకే కనబడింది.

మూర్తి గారే తేరుకున్నారు. “మేడమ్, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. అయితే వైవా మాత్రం మళ్ళీ జరపాలి. ముఖం కనబడాలి, ఆ అమ్మాయి గొంతు ఒక్కటే నాకు వినబడాలి. జాలిపడి మార్కులు వేశానని రేపు ఎవరూ ఆ పిల్లను అనకూడదు.”

ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ ఎలా జరపాలి? ఆ చేలో నిశ్శబ్దం ఎక్కడిది? కోత సాగుతుంటే ఘాటు ఆగదు, ఘాటు ఆగకపోతే గుడ్డ తీయలేదు. మేము ఇలా తర్జనభర్జన పడుతుంటే తెర మీద ఇంకో గుడ్డ కట్టిన తల ప్రత్యక్షమైంది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. అన్నం సంగతి అడిగిన గొంతే. ఉరుకుందమ్మ తల్లి నరసమ్మ.

“సామీ, తప్పు నాది. నేనే నడమల మాట్లాడితి. మా పాపను ఏమనద్దండి. మీరు ఎప్పుడు అడుగుతారో చెప్పండి, ఆ యాళకు మేము కోత ఆపేస్తాం. కళ్ళం తట్టు ఎవురూ పోము. నోరు మూసుకోని కూర్చుంటాం.”

“కోత ఆపితే మీ కూలి పోదా అమ్మా?” అని అడిగాను. అక్కడ కూలి తూకం మీద, కోసినంతకే.

“మా పాపకు పరీచ్చ అని అందరికీ చెప్పినా తల్లీ. మేస్త్రీ కూడా సరే అన్నాడు. పాప బతుకు కన్న ఒగ పూట కాయ ఎక్కువనా?”

పొద్దున్నే గాలిలో చెమ్మకు ఘాటు తక్కువగా ఉంటుందట. తెల్లవారి ఎండ ముదరక ముందే పెట్టుకుందామని ఆ తల్లీకూతుళ్ళే చెప్పారు. వైవా వేళ ఒక మిరపచేను వసతిని బట్టి నిర్ణయించడం మా యూనివర్సిటీ చరిత్రలో అదే మొదలు. ఆ ఉత్తర్వును రిజిస్ట్రార్ గారే టైపు చేయించి, గది అన్న మాట కొట్టేయించి, నా దగ్గరికి తెచ్చాడు.

ఆ పొద్దున నేను నాకు అలవాటైన వక్క నమలడం కూడా మానేసి తెర ముందు కూర్చున్నాను. ఉరుకుందమ్మ మోటారు కొట్టం గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖానికి గుడ్డ లేదు, తల దువ్వుకుంది, ఉన్నవాటిలో మంచి చుడీదార్ వేసుకుంది. ఆమె వెనక కొంచెం దూరంగా ఆ గుంపులోని ఆడవాళ్ళంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఖాళీ సంచులు ఒళ్ళో పెట్టుకున్నారు. చంటిపిల్లలను ముందే దూరపు గుడారంలోకి పంపేశారని తర్వాత తెలిసింది. ఒక్క మాట లేదు. పక్షుల అరుపులు వినబడుతున్నాయి.

మూర్తి గారు మొదలుపెట్టారు. ఏ రుతువులో ఏ బోరు నీళ్ళు తెచ్చావు, ఎలా భద్రం చేశావు, ల్యాబ్ ఫలితం తప్పయ్యే అవకాశం ఎక్కడుంది అని వరసగా అడుగుతున్నారు. ఆ అమ్మాయి నిదానంగా చెబుతోంది. తెలియనిది తెలియదంది. ఒకచోట తడబడితే పర్వీన్ ఇక్కడ నా గదిలో పిడికిళ్ళు బిగించుకుంది. మూర్తి గారికి ఉత్సాహం పుట్టింది. మంచి విద్యార్థి దొరికితే మా టీచర్లకు వచ్చే జబ్బే అది, ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోతున్నారు. ఎండ పైకి వస్తోంది.

అప్పుడు గట్టు మీద ఒకామె కదిలింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇక ఆపుకోలేక లేచి, వంగి, మా కెమెరా కంట పడకూడదనుకుందేమో, చేను మధ్యలోకి పరుగెత్తింది. దూరంగా, చాలా దూరంగా పోయి, చెట్ల మధ్య కూలబడి దగ్గింది. మాకు దగ్గు వినబడలేదు. ఆమె వీపు కదలడం మాత్రం కనబడింది. గట్టు మీద తక్కినవాళ్ళు తల కూడా తిప్పలేదు.

మూర్తి గారు అడుగుతున్న ప్రశ్నను మధ్యలో ఆపేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. “ఇక ప్రశ్నలు లేవమ్మా. చాలా బాగా చేశావు” అన్నారు. ఆ మెత్తని గొంతు ఇంకా మెత్తబడింది. “ఆ వెనకున్న తల్లులకు చెప్పు, ఇక మాట్లాడుకోవచ్చని.”

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అంతే, తెర నిండా జనం. గుడ్డలు విప్పిన ముఖాలు, పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న ముఖాలు. అన్నిటికంటే ముందు నరసమ్మ.

“పాసయిందా సామీ?”

మూర్తి గారు ఇబ్బందిగా నా వైపు చూశారు. వైవా మార్కులు సీల్డ్ కవర్లో వెళ్ళాలి, ఫలితాలు వచ్చేదాకా ఎవరికీ నోరు విప్పకూడదు. నేను పక్కనే తన కంప్యూటర్ ముందు కూర్చున్న రిజిస్ట్రార్ గారి వైపు చూశాను. ఆయన తన పెట్టెలో పెన్ను వెతుక్కోవడంలో మునిగిపోయి ఉన్నాడు. తల పైకెత్తకుండానే, నాకు మాత్రమే వినబడేలా, “చెప్పండి మేడమ్, నా మైకు పనిచేయడం లేదు” అన్నాడు.

“పాసయిందమ్మా” అన్నాను. “మీ అందరికీ దండం పెడతాండా. మీ పాప పాసయింది.”

అంతవరకు బిగబట్టిందంతా ఆ చేలో ఒక్కసారిగా బయటికి వచ్చింది. నవ్వులు, ఏడుపులు, దగ్గులు, ఏది ఏదో తెలియలేదు. చేను మధ్యలో కూలబడిన ఆమె కూడా లేచి వస్తూ కనబడింది. పర్వీన్ నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. దూరం పాటించాలని గోడల మీద మేమే అంటించిన కాగితాలు మాకెవరికీ గుర్తు రాలేదు.

చదువు పూర్తయిందని మేము రాసిచ్చిన ఉత్తరం ఉరుకుందమ్మకు సమయానికే అందింది, ఆమె ఉద్యోగంలో చేరింది. ఇప్పుడూ నీళ్ళ పరీక్షల పనే చేస్తోంది. ఆ సంకట కాలంలో యూనివర్సిటీని బాగా నడిపానని నాకు తర్వాత మరికొన్ని శాలువాలు కప్పారు. కప్పించుకున్న ప్రతిసారీ ఆ గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళముందు మెదిలారు. నరసమ్మ పేరు తప్ప వాళ్ళ పేర్లు నాకు తెలియవు. చదువు అంటే ఏమిటో చదివి తెలుసుకునే వీలు వాళ్ళలో చాలామందికి దక్కలేదు. అయినా తమ గుంపులోని ఒక పిల్ల చదువు కోసం పూట కూలి వదులుకుని, దగ్గును కూడా మింగి కూర్చున్నారు. మేము కొన్న సాఫ్ట్‌వేర్లు, ఇచ్చిన సర్క్యులర్లు అన్నీ అవసరమే, కాదనను. కానీ మా ఆన్‌లైన్ చదువును నిలబెట్టింది ఇలా ఎక్కడెక్కడో మాకు కనబడకుండా చోటిచ్చి, ఫోనిచ్చి, నోరు కట్టుకున్న మనుషులు. వాళ్ళకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. పిల్లలకు ఊరుంటుంది, ఇల్లుంటుంది, కానీ ఇంట్లో మనుషులున్నారో లేదో అడిగితేగానీ తెలియదు. మరుసటి ఏడు రెండో విడత కరోనా వచ్చింది. అదీ మిరప కోతల కాలమే. హాస్టళ్ళు ఖాళీ చేయమని మళ్ళీ ఉత్తర్వు. ఈసారి వార్డెన్లను పిలిచి, ఒక్కో విద్యార్థినీ కూర్చోబెట్టి అడగమన్నాను. నీ ఊరేది అని కాదు, మీ అమ్మానాయన ఈ దినం యాడుండారు అని. సుగ్గిలో ఉన్నారన్న పిల్లలను ఎక్కడికీ పంపలేదు. వాళ్ళను ఉంచుకోవడానికి వీలిచ్చే నిబంధన ఒకటి ఏ మూలనో ఉందని సుబ్బరాయుడు గారే వెతికి, పేజీ నంబరుతో సహా తెచ్చిపెట్టాడు. ఆ ఎండాకాలమంతా క్యాంపస్ బోసిపోయి ఉన్నా, మా ఆడపిల్లల హాస్టల్లో ఒక పొయ్యి మాత్రం రెండు పూటలా వెలుగుతూనే ఉంది.